ప్రకృతివర్ణం, వికృతివర్ణం: చర్మచికిత్సలో ధర్మవిచారం

దేహం నశించేదనీ, ఆత్మ దానికి భిన్నమనీ బోధించే దర్శనాలు వేళ్లూనుకున్న సమాజంలోనే పెళ్లికి ముందు నలుగు పెట్టడం, పసుపు పూయడం, మంగళస్నానం చేయించడం శుభకర్మలుగా స్థిరపడ్డాయి. తైత్తిరీయోపనిషత్తు శరీరాన్ని అన్నమయకోశం అంటుంది, అంటే తిన్న అన్నంతో ఏర్పడి మళ్లీ అన్నంలోనే కలిసిపోయే పై తొడుగు అని దాని భావం. ఆ తొడుగును దాటి లోపలికి చూడమని అది సాధకుణ్ని ప్రేరేపిస్తుంది. గృహస్థధర్మమైతే అదే తొడుగును శుభ్రం చేసి, సుగంధం పూసి, దేవుని ఎదుట నిలబెట్టమంటుంది. చర్మాన్ని సంరక్షించుకోవడం ధర్మమా, మోహమా అన్న ప్రశ్న ఈ రెండు ఆదేశాల నడుమ పుట్టింది. ప్రశ్న పాతదే అయినా, ముఖాన్ని తెల్లబరుస్తామనే క్రీములు పల్లెల్లోని మెడికల్ షాపుల దాకా చేరిన ఈ కాలంలో దాన్ని మళ్లీ విచారించవలసి ఉంది, ఎందుకంటే దానికి తప్పు సమాధానం చెప్పుకున్నవారి ముఖాలు నిజంగానే దెబ్బతింటున్నాయి.

ఈ విచారణను ఒక నేల మీద నిలిపి చేయడానికి ఉత్తర తెలంగాణలోని జమ్మికుంట తగిన చోటు. కాజీపేట నుంచి బల్లార్షా వెళ్లే రైలుమార్గం మీద ఉన్న ఈ పట్టణానికి పత్తి మార్కెట్ వల్ల పేరు వచ్చింది. చుట్టుపక్కల ఊళ్లలో పత్తి ఏరే పని ఎక్కువగా ఆడవాళ్లదే. చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కొని, తలకు తువ్వాల చుట్టుకొని చేన్లోకి దిగే ఆ స్త్రీలు, ఎండ నుంచి రక్షణకు చర్మవైద్యులు చెప్పే మొదటి సూత్రాన్ని ఎవరూ నేర్పకుండానే పాటిస్తున్నారు. పట్టణానికి దగ్గరలోని ఇల్లందకుంటలో అపర భద్రాద్రిగా పేరుపొందిన సీతారామచంద్రస్వామి ఆలయం ఉంది. శ్రీరామనవమినాడు అక్కడ నీలమేఘశ్యాముడైన వరునికి కల్యాణం జరుగుతుంది, భక్తులు ఆ తలంబ్రాలను కళ్లకు అద్దుకొని ఇంటికి తెచ్చుకుంటారు. అయినా తెలుగునాడు అంతటా ఉన్నట్లే ఇక్కడ కూడా పెళ్లిసంబంధం మాట్లాడేటప్పుడు పిల్ల రంగు గురించిన ప్రశ్న చదువు కంటే, గుణం కంటే ముందు వస్తుంది. నల్లని దేవుణ్ని పూజించే ఇంటివారే నల్లని పిల్లను కాదనడంలో ఉన్న వైరుధ్యం ఆచారానికి సంబంధించినది మాత్రమే కాదు; చర్మాన్ని గురించి, దాని మంచిచెడులను గురించి ఒక తప్పు తత్త్వం అందులో దాగి ఉంది.

ముందుగా రంగు అంటే ఏమిటో వైద్యశాస్త్రం చెప్పినది చూడాలి. చర్మం రంగుకు ప్రధాన కారణం మెలనిన్ అనే వర్ణద్రవ్యం. చర్మపు పైపొర అడుగుభాగంలో ఉండే మెలనోసైట్లు అనే కణాలు దాన్ని తయారుచేసి, అతి సూక్ష్మమైన సంచుల్లో నింపి, చుట్టూ ఉన్న చర్మకణాలకు అందిస్తాయి. ఈ మెలనోసైట్ల సంఖ్య నల్లనివారిలోను తెల్లనివారిలోను దాదాపు సమానంగానే ఉంటుంది. ఆ సంచులు ఎంత పెద్దవి, ఎలా పరుచుకుంటాయి, వాటిలో ఏ రకం వర్ణద్రవ్యం ఎంత ఉంటుంది అన్నదానిలోనే భేదం. మెలనిన్ అతినీలలోహిత కిరణాలను పీల్చుకొని కణకేంద్రంలోని జన్యుపదార్థాన్ని కాపాడుతుంది కనుక, వేసవిలో నలభై అయిదు డిగ్రీలు దాటే ఎండ కాసే ప్రాంతంలో ముదురు రంగు చర్మం దేహానికి లోపం కాకపోగా రక్షణ అవుతుంది. పైగా చర్మపు పైపొర సుమారు నెల రోజుల్లో పూర్తిగా కొత్తదవుతుంది. పుట్టుకతో వచ్చిన రంగును నిర్ణయించేది జన్యువులు కనుక, పైన ఏది పూసినా దాని ప్రభావం తీరగానే అసలు రంగు తిరిగి వస్తుంది. ఎండకు నల్లబడిన ముఖాన్ని చేతి లోపలి వైపున, ఎండ తగలని చోట ఉన్న రంగు దాకా తేవడం సాధ్యం కావచ్చు గాని, అంతకు మించి తెల్లబరచడం ఆరోగ్యకరమైన ఏ చికిత్సకూ సాధ్యం కాదని చర్మవైద్యులు చెప్పేది ఇందువల్లనే.

ఆధునిక వైద్యం చేరిన ఈ నిర్ణయానికి దగ్గరగా వచ్చిన ఒక విభజన చరకసంహితలో ఉంది. ఆ గ్రంథంలో ఇంద్రియస్థానం అనే భాగం రోగి దేహంలో కనిపించే మార్పులను బట్టి ఆయుష్షును అంచనా వేయడం నేర్పుతుంది. దాని మొదటి అధ్యాయంలో చరకుడు దేహవర్ణాలను రెండు తరగతులుగా చేశాడు. నలుపు, నలుపు కలిసిన చామన, తెలుపు కలిసిన చామన, తెలుపు అనేవి నాలుగూ ప్రకృతివర్ణాలు, అంటే దేహానికి సహజమైనవి. నీలం, బూడిదరంగు, రాగిరంగు, ఆకుపచ్చ, పాలిపోయిన తెలుపు వంటివి అంతకుముందు లేకుండా కొత్తగా వచ్చినప్పుడు వికృతివర్ణాలు, అంటే వ్యాధి లక్షణాలు. ఇక్కడ గమనించదగినది ఏమంటే, నలుపును చరకుడు సహజవర్ణాల్లో మొట్టమొదట చెప్పాడు. పాలిపోయిన తెలుపును రోగచిహ్నాల్లో చేర్చాడు. వైద్యుని దృష్టి ఏ రంగు మెరుగైనది అన్న పోలిక మీద లేదు, ఈ మనిషికి సహజమైన రంగు ఏది, అది మారిందా అన్న పరీక్ష మీద ఉంది. ధాతువుల సమత్వమే ప్రకృతి అనీ, వాటి విషమత్వమే వికారమనీ అదే గ్రంథం మరో చోట చెప్పిన మూలసూత్రానికి ఇది చర్మం విషయంలో అన్వయం.

సుశ్రుతుడు ఈ ఆలోచనను చికిత్సగా మార్చాడు. చర్మానికి ఏడు పొరలున్నాయని చెబుతూ, కాగుతున్న పాల మీద మీగడ కట్టినట్లు అవి గర్భంలో ఏర్పడతాయని ఆయన వర్ణించాడు. మొదటి పొరకు అవభాసిని అని పేరు పెట్టి, అన్ని వర్ణాలనూ ప్రకాశింపజేసేది అదేనన్నాడు. ప్రాచీనమైన శరీరశాస్త్రం కనుక నేటి సూక్ష్మదర్శిని చూపే పొరలతో అవి సరిపోవు, సరిపోల్చే ప్రయత్నం కూడా అనవసరం. అయితే గాయాల చికిత్సకు ఆయన చెప్పిన అరవై ఉపక్రమాలలో, అంటే చికిత్సావిధానాలలో, రెండు ఈ విచారణకు ఎంతో విలువైనవి. గాయం మానిన తర్వాత మచ్చ తెల్లగా మిగిలిపోతే దాన్ని నల్లబరిచే కృష్ణకర్మ ఒకటి. మచ్చ నల్లగా మిగిలితే దాన్ని పాలిపోయేటట్లు చేసే పాండుకర్మ రెండోది. రెండింటి లక్ష్యం ఒక్కటే, గాయపడిన చోటును చుట్టూ ఉన్న చర్మంతో సమానమైన రంగుకు తీసుకురావడం. తెలుపు వైపు పోవడం లక్ష్యమైతే కృష్ణకర్మకు ఆ శాస్త్రంలో చోటే ఉండేది కాదు. అంతకంటే ప్రాచీనమైన అథర్వవేదంలో మొదటి కాండలోని రెండు సూక్తాలు బొల్లిమచ్చలు పోవడానికి ఉద్దేశించినవి; నల్లని ఓషధిని సంబోధించి, తెల్లబడిన చోటికి రంగు తిరిగి ఇమ్మని అవి వేడుకుంటాయి. భారతీయ వైద్యసాహిత్యంలో చర్మవర్ణం కోసం చేసిన తొలి ప్రార్థనల్లో ఒకటి నలుపు కోసం చేసినదన్న సంగతి తెలుగు పాఠకులకు తెలియవలసినది.

ఇంతమాత్రాన సంప్రదాయం అంతా ఏకవాక్యంగా నలుపును గౌరవించిందని చెప్పడం సత్యానికి అన్యాయం చేయడమే. రంగుకు మెరుగునిచ్చే పది ఓషధులను చరకుడే వర్ణ్యాలు అనే పేరుతో ఒక వర్గంగా చెప్పాడు. చందనం, వట్టివేరు, మంజిష్ఠ, సుగంధిపాల వాటిలోవి. మత్స్యపురాణంలో పార్వతి నల్లదనాన్ని శివుడు పరిహాసం చేయగా, ఆమె తపస్సు చేసి గౌరవర్ణాన్ని పొంది గౌరి అయిన కథ ఉంది. మైలపోలు నాడు పెళ్లికూతురికి నలుగు పెడుతూ గౌరమ్మను తలచుకునే ఇళ్లలో ఈ కథకు ఉన్న బలం చిన్నది కాదు. అయితే ఆ కథలోనే దేవి విడిచిన నల్లని తొడుగు నాశనం కాలేదు, అది కూడా ఒక దేవతే అయి వింధ్యపర్వతం మీద పూజలందుకుంది. దేవీమాహాత్మ్యంలోనైతే దేహకోశం నుంచి కౌశికి వెలువడిన తర్వాత పార్వతియే నల్లనిదై కాళిక అని పేరు పొందింది. బృహదారణ్యకోపనిషత్తు చివరి అధ్యాయంలో ఎటువంటి సంతానం కావాలనుకునే దంపతులు ఏమి వండుకొని తినాలో చెప్పే ఘట్టంలో, తెల్లని కుమారుడికి ఒక వేదం, పింగళవర్ణుడికి రెండు వేదాలు, శ్యామవర్ణుడికి మూడు వేదాలు వచ్చేటట్లు విధానాలు ఉన్నాయి. ఈ ఆధారాలన్నీ కలిపి చూస్తే రంగు విషయంలో సంప్రదాయంలో ఒకే తీర్పు లేదనీ, తెలుపే శ్రేష్ఠమన్న తీర్పును మతం పేరుతో సమర్థించడానికి ఆస్కారం లేదనీ తేలుతుంది. నలుపు నారాయణుడు మెచ్చు అన్న సామెతను కూడా సమాజం గౌరవవాక్యంగా కాక ఓదార్పుగానే వాడుతున్నది. మనుషులు మెచ్చకపోయినా దేవుడైనా మెచ్చుతాడని నల్లని పిల్లకు చెప్పడంలో ఉన్న క్రూరత్వాన్ని చెప్పేవారు గుర్తించడం లేదు.

ప్రకృతివికృతుల విభజనను చేతిలో పెట్టుకొని చూస్తే, చర్మవైద్యుని దగ్గరికి సాధారణంగా వచ్చే సమస్యలు చాలావరకు తేలికగా విడిపోతాయి. మొటిమలు వికృతి, యౌవనంలో హార్మోన్ల ప్రభావంతో నూనెగ్రంథులు ఎక్కువగా స్రవించి, రంధ్రాలు మూసుకుపోయి, అక్కడ సూక్ష్మజీవులు పెరిగి వాపు వస్తుంది. వాటిని గిల్లకుండా, బెంజాయిల్ పెరాక్సైడ్, రెటినాయిడ్ వంటి పూతమందులను రెండు మూడు నెలలు ఓపికగా వాడితే చాలామందిలో తగ్గుతాయి. తీవ్రమైన మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినాయిన్ మాత్ర గర్భస్థశిశువుకు ఘోరమైన హాని చేస్తుంది కనుక, దాన్ని వాడే స్త్రీ ఆ కాలంలోను, మానిన తర్వాత ఒక నెల వరకూ గర్భం దాల్చకూడదు. మంగు మచ్చలూ వికృతే. వీటిని సుశ్రుతుడు వ్యంగం అనే పేరుతో చెప్పి కోపం, శ్రమ కారణాలన్నాడు. ఎండ, గర్భధారణ, హార్మోన్లు, వంశపారంపర్యం కారణాలని నేటి వైద్యం చెబుతుంది. ఎండరక్షణ లేకుండా మంగుకు ఏ మందూ నిలవదు. మెడ చుట్టూ నల్లగా, మందంగా అయ్యే చర్మం మురికి కాదు; ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి అది తరచుగా గుర్తు. దాన్ని పీచుతో రుద్దడం మాని రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకొని, బరువు తగ్గించుకుంటే చర్మమూ నెమ్మదిగా తేలికవుతుంది. పొలం గట్ల మీద పెరిగే వయ్యారిభామ మొక్క వల్ల రైతుల ముఖం, మెడ, మోచేతుల మీద వచ్చే దురద, పగుళ్లు మరో వికృతి. ఏళ్ల తరబడి పూతమందులు మారుస్తూ పోయినా, ఆ మొక్కకు దూరం కానంతవరకు అది తిరిగి వస్తూనే ఉంటుంది. ఇవన్నీ చికిత్స కోరేవే, వీటికి చికిత్స చేయించుకోవడంలో మోహం ఏమీ లేదు. చామనఛాయ మాత్రం ఈ జాబితాలో ఎక్కడా లేదు.

లేనిదాన్ని ఈ జాబితాలో చేర్చడం వల్ల జరిగిన హాని ఎంతో స్టిరాయిడ్ క్రీముల చరిత్ర చూపుతుంది. 1975లో అమెరికన్ వైద్యుడు క్లిగ్మన్, సహచరుడు విల్లిస్‌తో కలిసి, హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, డెక్సామెథసోన్ అనే మూడు మందులను కలిపి మచ్చలు తగ్గించే సూత్రాన్ని ప్రకటించాడు. వీటిలో మూడోది స్టిరాయిడ్. అదే సంవత్సరంలో భారతదేశంలో ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము మార్కెట్లోకి వచ్చింది. మొదటిది వైద్యుని పర్యవేక్షణలో కొన్ని వారాలపాటు మంగు మీద మాత్రమే వాడవలసిన మందు, రెండోది స్టిరాయిడ్ లేని సౌందర్యసాధనం. కాని రెండోది పెంచిన తెలుపుకోరిక మొదటిదాని వంటి మిశ్రమాలను మెడికల్ షాపుల్లో చీటీ లేకుండా అడిగి కొనే స్థితికి జనాన్ని తెచ్చింది. స్టిరాయిడ్ పూత రక్తనాళాలను ముడుచుకునేటట్లు చేసి, వర్ణకణాల పనిని మందగింపజేస్తుంది. కొద్ది రోజుల్లోనే ముఖం తెల్లగా, నునుపుగా కనిపిస్తుంది. నెలలు గడిచేకొద్దీ చర్మం పలచబడి, రక్తనాళాలు బయటికి కనిపిస్తాయి, మొటిమలు లేస్తాయి, ముఖం మీద వెంట్రుకలు పెరుగుతాయి, ఎండ సోకితే మంట పుడుతుంది. మానేస్తే అన్నీ ఒక్కసారిగా ఎక్కువవుతాయి కనుక మనిషి మళ్లీ ఆ గొట్టాన్నే పట్టుకుంటుంది. భారతీయ చర్మవైద్యులు పన్నెండు కేంద్రాల్లో 2926 మంది ముఖచర్మవ్యాధి బాధితులను పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో 433 మంది ఇలా స్టిరాయిడ్ వాడుతున్నట్లు తేలింది. వారిలో సగానికి పైగా వైద్యుడు కానివారి మాట మీద వాడినవారే. తామరకు కూడా స్టిరాయిడ్ కలిసిన మిశ్రమాలు రాసుకోవడం వల్ల దురద అణగి, శిలీంధ్రం మాత్రం లోలోపల వ్యాపించింది. తామరను తగ్గించే మందులకు లొంగని ట్రైకోఫైటాన్ ఇండోటినే అనే రకానికి 2020లో ఈ దేశం పేరు మీదుగానే పేరు పెట్టవలసి వచ్చింది. 2018లో కేంద్రప్రభుత్వం ఈ స్టిరాయిడ్ పూతలను వైద్యుని చీటీ ఉంటేనే అమ్మవలసిన మందుల షెడ్యూలులో చేర్చింది. నియమం ఉన్నా, తెలుపు పట్ల ఆశ ఉన్నంతకాలం దాన్ని దాటే దారులు దొరుకుతూనే ఉంటాయి.

ఇంతవరకు చెప్పినది వైద్యం వైపు నుంచి. వైరాగ్యం వైపు నుంచి వచ్చే ఆక్షేపం వేరే రకమైనది, దాన్ని తేలికగా తోసిపుచ్చకూడదు. చర్మం కింద ఉన్నది మాంసం, రక్తం, ఎముకలే అయినప్పుడు దాని పైపొరకు ఇంత విచారణ ఎందుకని విరాగి అడుగుతాడు. ఈ ప్రాంతపు నేలకు ఆ స్వరం కొత్త కాదు. పెద్దపల్లి జిల్లాలోని ధూళికట్టలో శాతవాహనకాలపు బౌద్ధస్తూపం ఉంది. బౌద్ధభిక్షువుకు ప్రవ్రజ్యాసమయంలో, అంటే ఇల్లు విడిచి సంఘంలో చేరేటప్పుడు, ధ్యానించమని ఇచ్చే అయిదు వస్తువులు తలవెంట్రుకలు, ఒంటిరోమాలు, గోళ్లు, పళ్లు, చర్మం. కరీంనగర్ జిల్లా కురిక్యాలలోని బొమ్మలగుట్ట మీద పదో శతాబ్దంలో పంపకవి తమ్ముడు జినవల్లభుడు జైనమూర్తులను చెక్కించి, తొలి తెలుగు కందపద్యాలున్న శాసనాన్ని వేయించాడు. దిగంబర జైనమునికి విధించిన ఇరవై ఎనిమిది మూలగుణాల్లో స్నానం చేయకపోవడం ఒకటి. దేహాన్ని ఇంతగా విడిచిపెట్టిన ఆదర్శం ముందు క్రీములు, లేజర్లు మాత్రమే కాదు, నలుగుపిండి కూడా నిలవదు.

అయితే ఈ మార్గాలను లోతుగా చూస్తే రెండు విషయాలు బయటపడతాయి. మొదటిది, చర్మాన్ని అశుభమని ధ్యానించే సాధన సాధకుడు తన మోహాన్ని తగ్గించుకోవడానికి చేసుకునేది. ఎదుటివాని రోగాన్ని పట్టించుకోకపోవడానికి అది అనుమతి కాదు. ధమ్మపదానికి రాసిన వ్యాఖ్యానంలో ఒళ్లంతా పుండ్లుపడి తోటి భిక్షువులు వదిలేసిన పూతిగత్త తిస్సుడనే భిక్షువు కథ ఉంది. బుద్ధుడు స్వయంగా నీళ్లు కాచి, ఆ దేహాన్ని కడిగించి, బట్టలు ఉతికి ఆరబెట్టించిన తర్వాతనే అతనికి దేహపు అనిత్యత్వాన్ని బోధించాడు. ముందు చికిత్స, ఆ తర్వాత తత్త్వం; ఈ క్రమం తలకిందులైతే తత్త్వం నిర్దయగా మారుతుంది. రెండోది, చర్మానికి విలువ లేదని నిజంగా నమ్మినవాడికి తెల్లచర్మానికి కూడా విలువ ఉండకూడదు. తెలుపును కోరుతూ, చికిత్స అడిగినవారికి మాత్రం దేహం అశాశ్వతమని చెప్పేవారు వైరాగ్యాన్ని ఒక వైపే తూగే త్రాసుగా వాడుతున్నారు, అది ఏ దర్శనానికీ సమ్మతం కాదు.

కర్మసిద్ధాంతం నుంచి వచ్చే వాదం ఇంతకంటే బరువైనది. బొల్లికి కారణాలు చెబుతూ చరకుడు విరుద్ధాహారంతోపాటు అబద్ధమాడటం, కృతఘ్నత, దేవతలను నిందించడం, గురువులను అవమానించడం, పూర్వజన్మపాపం కూడా చెప్పాడు. తన విభజనలో అంత నిష్పక్షపాతంగా ఉన్న శాస్త్రకారుడు ఇక్కడ రోగిని దోషిగా నిలబెట్టాడని ఒప్పుకోవాలి. గౌరవం పేరుతో దీన్ని కప్పిపుచ్చడం వల్ల రోగులకు మేలు జరగదు. బొల్లి దేహంలోని రక్షణవ్యవస్థ తన వర్ణకణాలనే పొరపాటున నాశనం చేయడం వల్ల వచ్చేది. అంటుకోదు, దానికి పాపంతో సంబంధం లేదు. సంప్రదాయమే ఈ విషయంలో మరో దారి కూడా చూపింది. కృష్ణుని కుమారుడు సాంబుడు శాపవశాన కుష్ఠురోగియై, సూర్యుణ్ని ఆరాధించి స్వస్థుడైనాడని పురాణాలు చెబుతాయి; రథసప్తమినాడు జిల్లేడాకులు తలమీద పెట్టుకొని స్నానం చేసే తెలుగువారికి సూర్యుడు ఆరోగ్యప్రదాత. బావంచాల గింజల లేపం పూసి ఎండ సోకించే పాత చికిత్సలో నిజమైన వైద్యబీజం ఉంది, ఆ గింజల్లో సోరలెన్ అనే పదార్థం ఉండటమే దానికి కారణం. ఇరవయ్యో శతాబ్దంలో సోరలెన్, అతినీలలోహిత కిరణాలు కలిపిన చికిత్స, ఆ తర్వాత కిరణాలు మాత్రమే వాడే మెరుగైన చికిత్స వచ్చాయి. ఇంట్లో ఆ లేపం రాసుకొని ఎండలో కూర్చుంటే బొబ్బలు లేస్తాయి కనుక దాన్ని వైద్యుని చేతికే విడిచిపెట్టాలి.

కుష్ఠు విషయంలో ఉత్తర తెలంగాణకు సొంత చరిత్ర ఉంది. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915లో క్రైస్తవ మిషనరీ వైద్యురాలు ఇసబెల్ కెర్, స్థానికుడైన నర్సాగౌడ్ ఇచ్చిన విరాళంతో కుష్ఠురోగుల ఆసుపత్రిని ఏర్పాటు చేసింది. కుష్ఠురోగిని చేయి చాచి తాకిన యేసు కథ ఆ మిషనరీలకు ప్రేరణ అయితే, అన్నదానం, విద్యాదానం వలె ఆరోగ్యదానం కూడా పుణ్యమన్న భావం స్థానిక దాతకు ప్రేరణ కావచ్చు. రెండు విశ్వాసాలు కలిసి కట్టిన ఆ ఆసుపత్రి, పాపం అన్న మాటకు మాటతో కాక చేతితో ఇచ్చిన సమాధానం. వ్యాధికి కారణమైన బాక్టీరియాను హాన్సెన్ 1873లోనే కనుగొన్నాడు. నేడు ఆరు నెలలు లేదా ఏడాదిపాటు ప్రభుత్వ ఆరోగ్యకేంద్రాల్లో ఉచితంగా ఇచ్చే మూడు మందులతో అది పూర్తిగా నయమవుతుంది. ఆ మూడింటిలో క్లోఫజిమిన్ అనేది చర్మాన్ని కొంతకాలం నల్లబరుస్తుంది, మందు ఆపిన తర్వాత ఆ నలుపు క్రమంగా పోతుంది. ఆ తాత్కాలిక నలుపును చూసి మందు మానేసే రోగులు ఉన్నారు. అంగవైకల్యం తెచ్చే వ్యాధి కంటే నలుపే ఎక్కువ భయపెట్టే స్థితికి ఒక సమాజం చేరిందంటే, దాని రంగుతత్త్వం ప్రాణాంతకమైనదని చెప్పడానికి వెనుకాడనక్కరలేదు. భార్య లేదా భర్త కుష్ఠురోగి కావడాన్ని విడాకులకు కారణంగా చూపే వీలును పార్లమెంటు 2019లో తొలగించింది. చట్టం చేయవలసినది అది చేసింది.

ఈ ప్రాంతంలో హిందువుల ఇరుగుపొరుగుగా జీవించే ముస్లింల ధర్మవిచారంలో కూడా ప్రకృతికీ వికృతికీ నడుమ ఇదే హద్దు కనిపిస్తుంది. అల్లాహ్ సృష్టిని మార్చేటట్లు మనుషులను ప్రేరేపిస్తానని సైతాను పలికినట్లు ఖురాన్ నాలుగో అధ్యాయంలో ఉంది. కేవలం అందం కోసం దేహాన్ని శాశ్వతంగా మార్చడాన్ని చాలామంది ధర్మవేత్తలు ఈ ఆధారంగా వారించారు. యుద్ధంలో ముక్కు కోల్పోయిన అర్ఫజా అనే సహచరుడు బంగారుముక్కు పెట్టించుకోవడానికి ప్రవక్త అనుమతించిన హదీసును ఆధారం చేసుకొని, లోపాన్ని సరిచేయడం వేరు, సృష్టిని కాదనడం వేరు అని వారు విభజించారు. మనుషుల భాషలు, రంగులు వేర్వేరుగా ఉండటాన్ని అల్లాహ్ సూచనల్లో ఒకటిగా ఖురాన్ ముప్పయ్యో అధ్యాయం చెబుతుంది. చరకుని ప్రకృతివర్ణాలు, సుశ్రుతుని కృష్ణపాండుకర్మలు, ఈ విభజన వేర్వేరు మూలాల నుంచి బయలుదేరి ఒకే చోటికి చేరాయి.

హద్దు స్పష్టంగా లేని చోట్లు కూడా ఉన్నాయి, వాటిలో వార్ధక్యం ముఖ్యమైనది. ఆకలి, దప్పిక, నిద్ర, మరణాలతోపాటు ముసలితనాన్ని సుశ్రుతుడు స్వాభావికవ్యాధి అన్నాడు; సహజమైనదీ, బాధించేదీ రెండూ అది. ముడతలు తగ్గించడానికి వేసే బొటులినమ్ సూది కండరాన్ని మూడు నాలుగు నెలలు సడలించి ఉంచుతుంది, ఆ తర్వాత మళ్లీ వేయించుకోవలసిందే. తెలిసి, స్తోమత ఉండి, ఎవరి ఒత్తిడీ లేకుండా చేయించుకునేవారిని తప్పుపట్టవలసిన పని లేదు; ముఖం మీది ముడతలను ఓటమిగా భావించి చేయించుకునేవారికి మాత్రం సూది ఇచ్చే ఉపశమనం కంటే ఆ భావన కలిగించే బాధ ఎక్కువకాలం ఉంటుంది. మొటిమల గుంటలకు, మంగుకు చేసే రసాయనపూతలు, లేజర్ చికిత్సలు నిపుణుల చేతిలో మేలు చేస్తాయి గాని, మన రంగు చర్మంలో కొద్దిపాటి వేడి ఎక్కువైనా ఆ చోటే నల్లగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. అందుకే ఆ యంత్రం ఎవరి చేతిలో ఉందన్నది యంత్రం ఖరీదు కంటే ముఖ్యం. చర్మవైద్యంలో పట్టా ఉన్న వైద్యుడు చూడకుండా పార్లర్లలో, ఆర్‌ఎంపీల దగ్గర ఇవి చేయించుకోకూడదు. ఒళ్లంతా తెల్లబరుస్తుందని చెప్పే గ్లూటథయోన్ ఇంజక్షన్ల విషయంలో సందిగ్ధత ఏమీ లేదు. తెల్లబరచడానికి దాని ప్రయోజనం రుజువు కాలేదు, నరంలోకి ఎక్కించడంలో ప్రమాదం ఉంది, అది వద్దు. పేరు, తయారీదారు చిరునామా లేని తెల్లక్రీముల్లో పాదరసం ఉండే అవకాశం ఉంది. అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, గర్భిణుల ద్వారా శిశువుకూ చేరుతుంది. 2013లో కుదిరిన మినమాటా ఒప్పందం సౌందర్యసాధనాల్లో పాదరసాన్ని నిషేధించదలచినది ఈ హానివల్లనే.

సంరక్షణ మాత్రం ఖరీదైనది కానక్కరలేదు. ఘాటు లేని సబ్బు, స్నానం చేసిన వెంటనే కొబ్బరినూనె లేదా సాదా మాయిశ్చరైజర్, మధ్యాహ్నపు ఎండలో పొడుగు చేతుల బట్ట, తలమీద తువ్వాల, వీలైనవారికి ఎస్‌పీఎఫ్ 30 ఉన్న సన్‌స్క్రీన్ చాలు. ఆ సంఖ్య అర్థం, చర్మాన్ని కమిలించే కిరణాల్లో సుమారు ముప్పయ్యో వంతు మాత్రమే లోపలికి పోతుందని. తగినంత మందంగా రాసుకొని, రెండు గంటలకోసారి మళ్లీ రాసుకుంటేనే ఆ ఫలితం ఉంటుంది. ఈ సంరక్షణ దేహం పట్ల మోహం కాదు, ధర్మసాధనకు దేహమే ఆధారం కనుక అది కర్తవ్యంలో భాగం.

ఫెయిర్ అండ్ లవ్లీ తయారుచేసే సంస్థ 2020లో ఆ క్రీము పేరులోని ఫెయిర్ అన్న మాటను తీసేసింది. ఇళ్లలోని మాట తీసేయవలసినది ఇంటివారే. సంబంధం చూడటానికి వెళ్లే పెద్దలు పిల్ల రంగును ప్రశ్నగా అడగడం మానాలి, అడిగినవారికి పిల్ల తల్లిదండ్రులు జవాబు ఇవ్వడం మానాలి. మెడికల్ షాపులవారు చీటీ లేకుండా స్టిరాయిడ్ గొట్టం అమ్మకూడదు. ఇప్పటికే అటువంటి క్రీము నెలల తరబడి వాడుతున్నవారు దాన్ని ఒక్కసారిగా ఆపేసి భయపడి మళ్లీ మొదలుపెట్టకుండా, ఆ గొట్టాన్ని చేతిలో పట్టుకొని కరీంనగర్‌లోనో వరంగల్‌లోనో ప్రభుత్వ ఆసుపత్రి చర్మవిభాగానికి వెళ్లి చూపించాలి. నెమ్మదిగా మాన్పించే పద్ధతి అక్కడి వైద్యులకు తెలుసు.